ఏ నూనెలో వేయించారు?

డ్యూటీ దిగి వెళ్లబోతుంటే కిచెన్ తలుపు దగ్గర ఆవిడ నన్ను ఆపింది. పెద్దవాళ్లని చూసుకునే మా కేర్ హోమ్‌లో వంట చేసే ఆవిడ, అరవైకి దగ్గర్లో ఉంటుంది. "నువ్వు బుక్ చేసిన పబ్‌కి ఫోన్ చేశాను లవ్. వాళ్లు చిప్స్ బీఫ్ డ్రిప్పింగ్‌లో వేయిస్తారట. నువ్వు తినవు కదా, చెబుదామని" అంది.

థాంక్యూ అన్నాను. కోటు జిప్ లాక్కుని బస్‌స్టాప్ దాకా నడిచాను. అక్కడ నిలబడ్డాక గానీ తట్టలేదు, అసలు డ్రిప్పింగ్ అంటే ఏంటి అని.

ఫోన్‌లో వెతికితే తెలిసింది. గొడ్డు మాంసం నుంచి కరిగించి తీసే కొవ్వు. చల్లారితే డాల్డాలా గడ్డకడుతుంది. ఇంగ్లండ్‌కి ఉత్తరాన ఉన్న యార్క్‌షైర్‌లో చేపలూ చిప్సూ (ఇక్కడ చిప్స్ అంటే లావుగా కోసి వేయించిన బంగాళదుంప ముక్కలు) దాంట్లో వేయించడం పాత పద్ధతి. దక్షిణాన లండన్ వైపు చాలా చోట్ల వెజిటబుల్ ఆయిల్ వాడతారట. ఇక్కడివాళ్లని అడిగితే, దీంట్లో వేయిస్తేనే కరకరలాడతాయనీ, ఆ రుచి నూనెకి రాదనీ అంటారు. నేనుండేది స్కార్‌బరోలో. అంటే నడి యార్క్‌షైర్ తీరంలో.

ఆ మాట నేను చూడలేదని కాదు. వారం వారం వెళ్లే చిప్స్ షాపు గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంది, గొప్పగా రాసుకున్నారు కూడా. నాకేమో డ్రిప్పింగ్ అంటే కారడం, బొట్లు బొట్లుగా పడడం. బీఫ్‌తో ఇంకేదో రసం లాంటిది కూడా అమ్ముతారు కాబోలు, మనకెందుకు అనుకుని, పక్కనున్న చేపా చిప్సూ చెప్పి డబ్బులు కట్టేదాన్ని. రెండేళ్ల పైన. శుక్రవారం శుక్రవారం.

2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకి కూడా వీసా ఇస్తామన్నారు కదా, ఆ వరసలో వచ్చినదాన్ని. పని కష్టమే గానీ ఆ సంగతి చాలామంది రాశారు. నేను చెప్పేది తిండి గురించి. ఆదివారం మా హోమ్‌లో రోస్ట్ బీఫ్ వండుతారు. చేతులు వణికే పెద్దవాళ్లకి నేనే ముక్కలు కోసి, గ్రేవీ కలిపి, చెంచాతో తినిపిస్తాను. మొదటి వారం రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. తర్వాత అలవాటైంది. ఉద్యోగం ఉద్యోగమే, నోట్లో పెట్టుకోవడం వేరు అని గీత గీసుకున్నాను. ఆ గీత నాకెంతో బలం. ఆ రోజు బస్‌స్టాప్‌లో అది ఎక్కడుందో కనబడలేదు.

ఇంత గొడవా ఎందుకొచ్చిందంటే, మా మేనేజర్ రిటైర్ అవుతోంది. పదకొండు మందిమి బయట ఎక్కడైనా కలిసి తినాలి. ఆ వారం డ్యూటీల పట్టీలో నాకు రెండు ఆఫ్‌లు వరసగా పడ్డాయని చోటు చూసే పని నాకిచ్చారు. ఎక్కడైనా పర్లేదు అన్నారు అందరూ. అడగ్గా అడగ్గా తేలింది: ఒకమ్మాయికి గోధుమ పడదు, ఒకాయన కుక్కని వదిలి రాలేడు, ఇద్దరికి ఎనిమిదింటికి నైట్ డ్యూటీ ఉంది. మేనేజర్‌కి సముద్రం కనబడాలి. నా సంగతి మాత్రం నేను చెప్పలేదు. చేప తింటాను, ఇంకేం కావాలి అనుకున్నాను.

స్కార్‌బరోకి రెండు బీచ్‌లు, వాటి మధ్య కొండ మీద పాత కోట. పదిహేడో శతాబ్దంలో ఇక్కడి ఊట నీళ్లు తాగితే రోగాలు పోతాయని జనం రావడం మొదలైందట. ఇంగ్లండ్‌లో మొట్టమొదటి సముద్రపు విహార ఊరు తమదేనని ఊరివాళ్లు చెప్పుకుంటారు. దక్షిణం వైపు బీచ్, సౌత్ బే వెంబడి అన్నీ చిప్స్ షాపులు, ఐస్‌క్రీమ్ బళ్లు, బిళ్ల వేసి ఆడే గేముల హాళ్లు. ఆగస్టులో కాలు పెట్టే సందుండదు. చేతిలో పొట్లం చూస్తే సముద్రపు కాకులు మీదికొస్తాయి. వీటిని కాకులనొచ్చో లేదో గానీ, బుద్ధి మాత్రం అదే.

లారీలు ఆగిన చోట తినండి అనేవారు మా నాన్న. ఇక్కడ నేను లారీలు చూడలేదు, ఫోన్‌లో నక్షత్రాలు చూశాను. నాలుగున్నర నక్షత్రాలు, వందల అభిప్రాయాలు, బీచ్‌కి ఎదురుగా. బుక్ చేసేశాను. ఆ నక్షత్రాలు ఇచ్చినవాళ్లు ఒక్క పూట వచ్చి పోయేవాళ్లు. వంటకి ఇచ్చారో, సముద్రానికి ఇచ్చారో ఎవరికి తెలుసు?

మర్నాడు ఆవిడే మళ్లీ వచ్చింది. "బుకింగ్ నేను మార్చలేదు, అది నీ ఇష్టం. కానీ వెనక వీధిలో ఇంకో పబ్ ఉంది. వాళ్లది సన్‌ఫ్లవర్ ఆయిల్. అడిగాను."

అడిగిందట. నేను చెప్పకుండానే. ఆదివారాలు స్టాఫ్‌కి మిగిలిన రోస్ట్ పెట్టినప్పుడు నేను బంగాళదుంపలూ బఠాణీలే తీసుకోవడం చూసిందట. రెండేళ్లు చూసింది, ఒక్క మాట అనలేదు. మా హోమ్ కిచెన్‌లో మాత్రం బంగాళదుంపలు మామూలు నూనెలోనే కాలుస్తుందట, అది కూడా చెప్పింది, నా మొహం చూసి. యార్క్‌షైర్ పుడ్డింగ్ సంగతి నేను అడగలేదు. పుడ్డింగ్ అంటే తీపి అనుకుని వచ్చిన కొత్తలో ఒక పబ్‌లో తిన్నాను, తీరా చూస్తే అది పిండీ గుడ్లూ పాలూ కలిపి కాల్చి రోస్ట్ పక్కన పెట్టేది. దాన్ని కూడా పాతకాలంలో కాగే డ్రిప్పింగ్‌లోనే పోసి కాల్చేవాళ్లని ఫోన్ అప్పటికే చెప్పేసింది.

మొదట నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియకుండా. ఇక్కడ హోటల్లో అడిగితే అలర్జీ తెప్పించే పద్నాలుగు పదార్థాల గురించి చెప్పి తీరాలి. గుడ్డు, పాలు, ఆవాలు, నువ్వులు, చేప... ఉద్యోగంలో చేరగానే అవన్నీ బట్టీ పట్టించారు. అందులో గొడ్డు కొవ్వు లేదు. ఎందుకుంటుంది? దానివల్ల మామూలుగా ఎవరికీ ఒళ్లు దద్దురెక్కదు. షాపువాళ్లు దాచారా అంటే, గోడ మీదే రాసి పెట్టారు. తెలియని మాట కనబడితే అడగని తప్పు నాది. మన దగ్గర బోర్డు మీద శుద్ధ శాకాహారం అని ఉంటుంది, లేదా నాన్‌వెజ్ అని ఉంటుంది. ఆ రెంటి మధ్య కొవ్వు ఒకటి ఉంటుందని బుర్రకి ఎలా తడుతుంది? మా హోమ్‌లో పనిచేసే మలయాళీ నర్సుకి చెబితే పడీ పడీ నవ్వింది. "ఇంకేం, రుచి తెలిసిందిగా, ఇప్పుడు నాతో రా" అంది. నవ్వు రాలేదు నాకు, తర్వాత వచ్చింది.

కోపం తగ్గాక మిగిలింది వేరే. ఈ దేశంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఏంటని ఎవరడిగినా ఒకటే చెప్పేదాన్ని: ఎవరూ ఆరా తీయరు. పెళ్లయి ఇన్నేళ్లయిందే, ఇంకా విశేషం ఏమీ లేదా అని అడగరు. జీతం ఎంత అనరు. ఏం తిన్నావు, ఎందుకు తినవు అనరు. పక్క ఫ్లాట్ ఆయన రెండేళ్లుగా వాతావరణం తప్ప ఇంకో మాట మాట్లాడలేదు, అది మర్యాద అని మురిసిపోయేదాన్ని. ఇప్పుడు చూస్తే నాకు మేలు చేసింది ఆరా తీసిన మనిషే. నా కంచం వైపు చూసి, లెక్కపెట్టుకుని, నా వెనకాల రెండు చోట్లకి ఫోన్ చేసింది. మా వీధిలో పిన్నిగారు ఇదే పని చేస్తే, ఆవిడకెందుకు నా గొడవ అని అమ్మ మీద అరిచి ఉండేదాన్ని. ఆవిడ ఎదురుగా ఉంటే అరవను, అమ్మ మీదే.

ఇంకో మాట కూడా పీకుతూనే ఉంది. నా ఒక్కదాని కోసం పదకొండు మందికి సముద్రం లేకుండా చేయొచ్చా? నేను కాల్చిన బంగాళదుంప తిని వచ్చేయొచ్చు కదా?

ఆఫ్ రోజు సాయంత్రం ఆ వెనక వీధి పబ్ చూడ్డానికి వెళ్లాను. పబ్ అంటే మనవాళ్లకి హైదరాబాద్‌లో డీజే, లైట్లు గుర్తొస్తాయి. ఇది మా ఊరి రచ్చబండకి తివాచీ పరిచినట్టుంటుంది. ఒక తాతగారు అర పింట్ గ్లాసు ముందు పెట్టుకుని పేపర్ చదువుతున్నారు, కాళ్ల దగ్గర కుక్క పడుకుంది. బల్ల దగ్గరికి ఎవరూ రారు. మనమే బార్ దగ్గరికెళ్లి టేబుల్ నంబర్ చెప్పి, ముందు డబ్బు కట్టాలి. క్యూ కనబడదు గానీ ఎవరి తర్వాత ఎవరో అందరికీ గుర్తుంటుంది. వచ్చిన కొత్తలో ఇలాంటి చోటే చెయ్యెత్తి పిలిచి, "నీ వంతు వస్తుంది" అనిపించుకున్నాను. ఈసారి నిలబడ్డాను. కిచెన్ మధ్యాహ్నం రెండున్నరకి మూసి మళ్లీ ఐదింటికి తెరుస్తారట. నైట్ డ్యూటీవాళ్లకి సరిపోతుంది. కుక్కలు రావచ్చు. గోధుమ పడని అమ్మాయికి వేరే మూకుడు ఉందట. గ్లాసు కుళాయి నీళ్లు అడిగాను. మందు అమ్మే చోట అడిగితే ఊరికే ఇవ్వాలని ఇక్కడ చట్టం, ఆ ఒక్క విషయం మాత్రం మొదటి నెలలోనే తెలుసుకున్నాను.

సముద్రం కనబడదు. వీధి చివరికి నడిస్తే ఓడరేవు కనబడుతుంది. అక్కడే బుక్ చేశాను. చోటు మారిందని గ్రూప్‌లో పెడితే అందరూ బొటనవేలు గుర్తు పెట్టారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. మేనేజర్ కూడా.

ఆ సాయంత్రం చిప్స్ తిన్నాను. నిజం చెప్పాలంటే, శుక్రవారం షాపువి ఇంతకన్నా బాగుండేవి.

ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను. పాత శుక్రవారాల సంగతి చెప్పలేదు, చెప్పను కూడా. వంటావిడ నా కోసం ఫోన్ చేసి నూనె కనుక్కున్న సంగతి మాత్రం చెప్పాను. అమ్మకి తెగ నచ్చేసింది.

"మంచి మనిషే. పిల్లలెంతమంది ఆవిడకి?"

"తెలీదమ్మా."

"రెండేళ్లు కలిసి పనిచేస్తున్నారన్నావు?"