మునిగే కప్పు: మా ఇంట్లో సైకిలు వంతుల కోసం చేసిన గడియారం

మాది కోనసీమలో ఒక ఊరు. ఇంట్లో ఏడేళ్ల అమ్మాయి, ఐదేళ్ల అబ్బాయి, ఇద్దరికీ కలిపి ఒక చిన్న సైకిలు. వేసవి సెలవులు మొదలవగానే గొడవలూ మొదలయ్యాయి. ఫోన్లో అలారం పెడితే రెండు రోజులు పనిచేసింది. తర్వాత అలారం మోగగానే సైకిలు వదిలేసి ఇద్దరూ ఫోన్ కోసం పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. పైగా అలారం పెట్టేది నేను కాబట్టి, “అమ్మ వాడికే ఎక్కువసేపు ఇచ్చింది” అన్న అనుమానం పోలేదు. వంతు అయిపోయిందని నేను చెప్పక్కర్లేకుండా, వాళ్ల కళ్లకే కనపడే వస్తువు ఒకటి ఉంటే బాగుంటుందనిపించింది.

1వ రోజు

ముందు ఇసుక గడియారం. అర లీటరు నీళ్ల సీసాలు రెండు తీసుకుని, మూతల్ని వీపులు కలిపి అంటించి, మధ్యలో 3 మి.మీ. చిల్లు పెట్టాను. వీధి చివర ఇల్లు కడుతున్నచోట అడిగి గోదావరి ఇసుక తెచ్చి, టీ వడకట్టే జాలీతో జల్లించాను. తడి ఉంటే చిల్లు దగ్గర గడ్డకట్టుకుపోతుంది కాబట్టి మూకుడులో వేసి పొడిపొడిగా అయ్యేదాకా వేయించాను. దాదాపు 270 గ్రాములు పోస్తే 5 నిమిషాలకు కాస్త అటూ ఇటూగా వచ్చింది. ఇసుకలో ఒక మంచి గుణం ఉంది. పైన ఎంత ఇసుకున్నా కిందికి జారే వేగం ఇంచుమించు ఒకటే. అందుకే 2 నిమిషాలు కావాలంటే ఇసుక ఆ లెక్కన తగ్గిస్తే చాలు.

3వ రోజు

ఇసుక గడియారంతో మా ఇంట్లో కుదరలేదు. తన వంతు నడుస్తున్నప్పుడు చిన్నాడు పరిగెత్తుకొచ్చి సీసా పడుకోబెట్టేస్తున్నాడు. ఇసుక ఆగితే టైమూ ఆగుతుందని వాడికి ఒక్క పూటలో తెలిసిపోయింది. “తొండి! తొండి!” అని అక్క ఏడుపు. రెండోది, ఇసుక అయిపోయినప్పుడు చప్పుడేమీ రాదు. పెరట్లో సైకిలు తొక్కే పిల్లలకి వసారాలో ఉన్న సీసా ఎలా తెలుస్తుంది? ఆ సాయంత్రం మూతల అతుకు కూడా ఊడింది. మళ్లీ అంటించలేదు.

5వ రోజు

మా మావయ్యగారు పంచాంగం చూస్తూ తిథి ఎన్ని గడియలుందో చదువుతుంటే ఆలోచన తట్టింది. గడియ అంటే 24 నిమిషాలు, రోజుకి 60 గడియలు. గడియారం అన్న మాట అక్కడిదే. పాతకాలంలో గడియని కొలిచింది అడుగున సన్న చిల్లున్న రాగి గిన్నెతో. నీళ్లలో తేలేస్తే చిల్లులోంచి నీరు మెల్లగా ఎక్కి, నిండగానే మునిగిపోతుంది. పగలూ రాత్రీ కలిపి 60 సార్లు మునిగే గిన్నె గురించి సూర్యసిద్ధాంతంలో ఉంది. ఇరాన్‌లో కనాత్ అనే భూగర్భ కాలువల నీళ్లను రైతులు పంచుకోవడానికి కూడా ఇలాంటి గిన్నెనే వాడేవారు. ఎవరి పొలానికి ఎన్ని గిన్నెలు మునిగేదాకా నీరు వదలాలో లెక్క ఉండేది.

ఇది చెప్పగానే మావయ్యగారు, “దాళ్వాకి, అదే రెండో పంట వరికి, నీళ్లు చాలనప్పుడు మన కాలవల మీద వంతులు పెట్టరూ, అలాంటిదే కదమ్మా” అన్నారు. పిల్లలకి అర్థమయ్యేలా చెప్పే పని ఆయనే తీసుకున్నారు. “మీ సైకిలు ఒక కాలవ. మీరిద్దరూ రెండు చేలు.” చిన్నాడికి ఈ మాట ఎంత నచ్చిందో, ఇప్పటికీ వంతు రాగానే “నా చేనుకి నీళ్లొచ్చాయి” అని అరుస్తాడు.

6వ రోజు

ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బా మూతకి సూదితో చిల్లు పెట్టి చూశాను. అది నిండింది కానీ మునగలేదు, అంచుదాకా నీళ్లతో తేలుతూనే ఉంది. ఆ ప్లాస్టిక్ నీళ్లకన్నా తేలిక మరి. లోహమే కావాలి.

8వ రోజు

స్టీలు కప్పు దొరికింది. వెడల్పు 7 సెం.మీ., ఎత్తు 4 సెం.మీ., కూరల తూకం మీద 50 గ్రాములు. గోడలు నిటారుగా ఉన్న కప్పు ఎంచుకున్నాను. అలాంటిదైతే లోపలి నీటి మట్టం, బయటి మట్టం మధ్య తేడా చివరిదాకా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, నీరు ఒకే వేగంతో ఎక్కుతుంది.

డ్రిల్లింగ్ మా మరిది చేశాడు. 1 మి.మీ. బిట్లు రెండు విరిగాయి. మూడోసారి కప్పుని చెక్కదిమ్మ మీద బోర్లించి, నడిమధ్య మేకుతో చిన్న గుంట కొట్టి, ఒక చుక్క కొబ్బరినూనె వేసి, మిషన్‌ని మెల్లగా తిప్పితే దిగింది. మేకు గుంట లేకపోతే బిట్ జారిపోతుంది, విరగడానికి అసలు కారణం అదే. లోపల లేచిన రజనుని ఎమెరీ పేపర్‌తో రుద్దాం. అది వదిలేస్తే పిల్లల వేళ్లు కోసుకుంటాయి.

మొదటి కొలతలు: 7 నిమిషాల 20 సెకన్లు, 7:26, 7:18. ఇంత నిలకడగా వస్తుందని నేననుకోలేదు. చాలా సంతోషమేసింది.

9వ రోజు

ఏడు నిమిషాలు ఐదేళ్లవాడికి మరీ ఎక్కువ. చిల్లు పెద్దది చేయడం సులువే కానీ ఎక్కువైతే మళ్లీ పూడ్చలేం. అందుకని బరువు పెంచాను. ఇంట్లో ఉన్న 5 రూపాయల నాణేలు ఒక్కోటి 6 గ్రాములు. మూడు నాణేలు చిల్లు చుట్టూ, చిల్లు మూసుకోకుండా పెడితే 5:10కి వచ్చింది. వాటిని కొద్దిగా ఎమ్‌సీల్‌తో అంటించేసరికి, దాని బరువు కూడా కలిసి సరిగ్గా 5 నిమిషాలు. బరువుని అడుగునే పెట్టాలి. అంచుకి రాగితీగ చుట్టి చూస్తే కప్పు ఒక పక్కకి వాలిపోయింది.

కప్పుని తేలేయడానికి జంతికలు పోసుకునే పారదర్శకమైన పెద్ద డబ్బా. అందులో 12 సెం.మీ. నీళ్లు. అడుగున పాత స్టీలు పళ్లెం వేశాను. కప్పు మునిగి దానికి తగలగానే ఠంగుమంటుంది, పెరట్లోకి కూడా వినపడుతోంది.

10–14 రోజులు

అట్టముక్క మీద ఎర్ర చుక్క అక్కది, నీలం చుక్క తమ్ముడిది. బట్టల క్లిప్పు ఎవరి చుక్క దగ్గరుంటే వాళ్ల వంతు. పంటలు (చేతులు తిప్పి ముందెవరో తేల్చుకోవడం) వేసుకోడానికి ఇద్దరు చాలరు కాబట్టి, ముందెవరన్నది బొమ్మా బొరుసుతో తేల్చుకుంటారు. ఠంగుమన్నాక దిగినవాళ్లు కప్పు తీసి, నీళ్లు వంపి, క్లిప్పు మార్చి, మళ్లీ తేలేయాలి. సైకిలు లేనివాళ్లు కప్పుకి కాపలా.

ఈ కాపలా నేను ముందు అనుకున్నది కాదు, అసలు మార్పంతా దానివల్లే వచ్చింది. ఇంతకుముందు ఎదురుచూడటమంటే సైకిలు వెంట ఏడుస్తూ పరిగెత్తడం. ఇప్పుడు చిన్నాడు డబ్బా ముందు బాసింపట్టు వేసుకుని, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అరిచి చెబుతున్నాడు. “సగమైంది అక్కా!” అని వినపడితే అక్కకీ ముందే తెలుస్తుంది, ఇంకో రెండు చుట్లు వేసి దిగిపోతోంది. చివరి నిమిషం గొడవ రోజుకి ఒకటో రెండో, అంతే.

15వ రోజు

తొండి ఈసారి కూడా చిన్నాడిదే. అక్క వంతులో కప్పులో ఇంకో 5 రూపాయల నాణెం వేశాడు. ఎందుకో త్వరగా మునిగిందని అక్క అనుమానపడితే కప్పు బోర్లించి చూశాం. కొలిస్తే 4:38. నేను కోప్పడలేదు. ఐదేళ్ల పిల్లాడు బరువుకీ కాలానికీ ఉన్న సంబంధం తనంతట తానే కనిపెట్టాడు! ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకటి, రెండు, మూడు నాణేలు వేస్తూ ఫోన్లో టైము చూసి రాసుకున్నాం. ఆ తర్వాత డబ్బాకి మూత బిగించి, మధ్యలో చెయ్యి పట్టనంత కిటికీ కోశాను. వంతు మారేటప్పుడే మూత తీయాలి.

22వ రోజు

మెల్లగా టైము 5:50కి పాకింది. మా బోరు నీళ్లలోని సున్నం చిల్లు చుట్టూ తెల్లగా పేరుకుంది. నిమ్మరసంలో గంటసేపు నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్ది కడిగితే మళ్లీ ఐదు. ఇప్పుడు తాగే నీళ్లే పోస్తున్నాను. సాయంత్రం డబ్బా వంపేసి బోర్లిస్తాం, దోమలకి చోటివ్వకూడదు. పాకే పిల్లలున్న ఇంట్లో మాత్రం నేలమీద నీళ్ల డబ్బా పెట్టొద్దు. పక్కింటివాళ్లు అడిగితే వాళ్ల బాబు పెద్దయ్యేదాకా ఆగమన్నాను.

26వ రోజు

వచ్చే వారం మా ఆడపడుచు పిల్లలిద్దరు వస్తున్నారు. నలుగురైతే ఐదు నిమిషాల కప్పుతో ఒక్కొక్కరు పావుగంట ఆగాలి, అది కష్టం. మూడు నిమిషాల కప్పు తనే చేస్తానని మా అమ్మాయి రాసుకున్న కొలతల కాగితం ముందేసుకుని కూర్చుంది. నాణేలు కలపాలా, 1.2 మి.మీ. చిల్లు పెట్టాలా, రెండూ చూద్దామంది. బిట్లు నాలుగు తెచ్చి ఉంచాను. మేకు గుంట తను కొడుతుంది, డ్రిల్ మాత్రం వాళ్ల బాబాయి చేతిలోనే.