భీమిలి ఆధార్‌తో పాండవుల గుట్టకు

హన్మకొండ బస్టాండులో భూపాలపల్లి బస్సు ఎక్కేటప్పుడు నా లెక్క రెండు టికెట్లే. ఒకటి నాకు, ఒకటి మా బావమరిదికి. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కాబట్టి మా ఆవిడకు ఎట్లాగూ జీరో టికెట్. బస్సు ములుగు రోడ్డు ఎక్కేలోపే ఆ లెక్క తప్పింది.

కండక్టరు ఆధార్ చూపించమన్నాడు. చూపించింది. ఆయన కార్డు వెనక్కి తిప్పి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివి, "అమ్మా, దీని మీద భీమునిపట్నం అని ఉంది. ఇది నడవదు" అన్నాడు.

తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ చేసిన మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరులో మొదలైంది. అంటే అప్పటికి దాదాపు రెండేళ్లు. ఆ రెండేళ్లూ మా ఆవిడ స్కూటీ మీదే ఆఫీసుకు తిరిగింది కాబట్టి ఈ సంగతి బయటపడలేదు. పెళ్లయ్యాక ఇల్లు మారాం, గ్యాస్ కనెక్షన్ మారింది, బ్యాంకు మారింది. ఆధార్ మాత్రం ఆంధ్రాలో వాళ్ల పుట్టింటి ఊరు భీమిలిలోనే (కార్డు మీద భీమునిపట్నం) ఉండిపోయింది. కండక్టరు తప్పేం లేదు, తెలంగాణ అడ్రస్ ఉంటేనే ఫ్రీ అని రూలు. సరే, మూడు టికెట్లు.

అక్కడితో అయిపోతే రాసేదేమీ ఉండేది కాదు. మా ముందు సీట్లో, పరకాలలో ఉన్న కూతురింటికి పోతున్న ఒక పెద్దమ్మ వెనక్కి తిరిగింది.

"ఎన్నేండ్లాయె బిడ్డా పెండ్లయి?"

"ఆరేళ్లండీ."

"ఆరేండ్లు! ఇంకా తల్లిగారింటి కార్డేనా?"

ఇక బస్సంతా మా కాపురంలోకి దిగింది. ఒకాయన మీసేవలో ఇస్తే వారం రోజుల్లో అయిపోతుందన్నాడు. కాలేజీ పిల్ల ఒకతి ఫోన్‌లోనే చేసుకోవచ్చు అంకుల్ అంది (అంకుల్ అనడం అవసరమా?). వెనక సీటు నుంచి ఇంకెవరో, "మరి మొగుడేం జేస్తుండు ఆరేండ్ల సంది?" అన్నారు. నలభై తలలు నా వైపు తిరిగాయి. నేను కిటికీలోంచి వడ్లు చూశాను. నవంబరు కదా, రోడ్డుకు ఒక పక్కంతా ఆరబోసిన వడ్లే.

మా బావమరిదికి ఇదంతా పండగలా ఉంది. "అక్కా, ఆగస్టు నుంచి మా దగ్గరా ఫ్రీయే కదా. నువ్వు ఈ బస్సు దిగిపోయి భీమిలి వచ్చెయ్, అక్కడ ఎంత తిరిగినా పైసా అడగరు" అన్నాడు. పెద్దమ్మ మాత్రం మా ఆవిడను ఓదార్చింది. "పైసలు వాని జేబులకెల్లే గదా పోయేది, నీకేంది బిడ్డా" అని, ఒళ్లోని సంచిలోంచి రెండు సీతాఫలాలు తీసి ఇచ్చింది. పచ్చివి. బియ్యంలో పెట్టమంది.

అసలు ఈ ప్రయాణానికి కారణం ఆ బావమరిదే. మే నెలలో వాళ్ల ఊరు వెళ్లినప్పుడు తెల్లవారుజామున ఐదింటికి నన్ను లేపి పావురాళ్లకొండ ఎక్కించాడు. పైన బౌద్ధుల నాటి శిథిలాలు, వాన నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్లు. కింద గోస్తని సముద్రంలో కలిసే చోటు. చూడ్డానికి బాగుంది, కాదనను. కానీ ఆరున్నరకే చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. ఆ ఉక్కపోతలో నేను రొప్పుతుంటే వాడు తాపీగా, "మీ ఓరుగల్లులో నడవడానికి ఏటున్నాయి బావా? చెరువు గట్లేనా?" అన్నాడు.

అప్పటికప్పుడు పద్మాక్షి గుట్ట, సిద్దుల గుట్ట, మెట్టు గుట్ట అని అప్పజెప్పాను. వాడు అవన్నీ ఊళ్లోవే కదా అన్నాడు. అప్పుడు నోరు జారి పాండవుల గుట్ట అన్నాను. నిజం చెప్పాలంటే, హన్మకొండలో పుట్టి పెరిగి, యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ గుట్టకు నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. రామప్పకు ఎవరు చుట్టాలొస్తే వాళ్లను తీసుకుని ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. గుట్టకు ఎవరూ అడగలేదు, నేనూ పోలేదు.

గూడెప్పాడు దగ్గర బస్సు ఎడమకు తిరిగింది. పరకాలలో కాసేపు ఆగింది. పెద్దమ్మ దిగిపోతూ మా ఆవిడ తల మీద చెయ్యి వేసి పోయింది. అక్కడి అమరవీరుల స్మారకం, అమరధామం సంగతి బావమరిది అడిగితే చెప్పాను. 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపిన ఊరు ఇది. దేశానికి స్వాతంత్య్రం వచ్చి అప్పటికి రెండు వారాలు దాటింది. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. వాణ్ని అట్లా చూడడం ఆ రోజుకు అదొక్కసారే.

రేగొండ మండలంలో కండక్టరు చెప్పిన స్టేజీలో దిగాం. ఒక ఆటో అతను గుట్ట దాకా రెండు వందలన్నాడు. గుట్ట కళ్ల ముందే కనిపిస్తుంటే రెండు వందలేంటని నడిచాం. నీళ్ల సీసా మీద ఇరవై అని అచ్చు వేసి ఉంటే కొట్టాయన ముప్పై తీసుకున్నాడు, 'ఫ్రిజ్ చార్జీ' అట. సీసా చల్లగా కూడా లేదు. రెండు వైపులా పత్తి చేలు. ఏరే ఆడవాళ్లు నడుములకు ఒడి కట్టుకుని వరసల్లో వంగి ఉన్నారు.

దగ్గరికి వెళ్లాక మా బావమరిది ఆగిపోయి, "ఇది కొండ బావా. గుట్ట అంటావేటి?" అన్నాడు. మాకు అన్నీ గుట్టలే. వాళ్లకు అన్నీ కొండలే. కానీ వాడి ఆశ్చర్యంలో అర్థముంది. పావురాళ్లకొండ చక్కగా ఒంటిగా నిలబడి ఉంటుంది. ఇది అట్లా కాదు. ఎవరో బండలను ఒకదాని మీద ఒకటి పేర్చి, సగంలో విసుగొచ్చి వదిలేసినట్టు, నిటారు గోడలు, సందులు, చూరుల్లా ముందుకు వచ్చిన రాళ్లు.

నడక కష్టమేమీ కాదు. మోకాళ్ల నొప్పులు లేనివాళ్లెవరైనా నడవొచ్చు. అడవి లోపల రాళ్ల దారి, మధ్య మధ్య చెయ్యి ఆనించి ఎక్కాల్సిన బండలు. మా ఆవిడ చెప్పులతోనే ఎక్కింది, కొత్త బూట్లు కొన్న నేను రెండుసార్లు జారాను. ఇబ్బందల్లా దారి తెలియకపోవడమే. ఎటు చూసినా దారిలాగే ఉంది. అరగంట తిరిగి మొదట చూసిన మోదుగ చెట్టు దగ్గరికే వచ్చాం.

అక్కడే మేకలు కాస్తున్న ఒక తాత కనిపించాడు. "బొమ్మల కోసం వచ్చిండ్రా? మీకు దొర్కయి. రాండ్రి, నేను జూపెడ్త" అని ముందు నడిచాడు. డెబ్బై ఏళ్లుంటాయి, మా ముగ్గురికంటే వేగంగా ఎక్కాడు. ఒక చోట చెయ్యెత్తి ఆపాడు. "సప్పుడు జేయకుండ్రి. పైన తేనెటీగలున్నయి." తలెత్తితే బండ అంచుకు మూడు పెద్ద పట్టులు వేలాడుతున్నాయి. మా బావమరిది కొట్టుకొచ్చిన సెంటు వాసన నాకు అప్పుడే గట్టిగా తగిలింది. ముగ్గురం ఊపిరి బిగబట్టి దాటాం.

గొంతెమ్మ గుహ ఎక్కడుందని అడిగాను. గొంతెమ్మ అంటే కుంతీదేవి అని, ఎదురు పాండవులు అనే చోటు వేరే ఉందని తాత చెప్పాడు. అన్నీ ఒక్కరోజులో చూడాలనుకోవడం గొంతెమ్మ కోరికే అని మా ఆవిడ అంది. తాత పగలబడి నవ్వాడు. తేనెటీగలు గుర్తొచ్చి మేం నవ్వలేదు.

రాతి మీద పాతకాలం వాళ్లు గీసిన ఆ బొమ్మలు నేను అనుకున్నంత పెద్దవి కావు. తాత వేలు పెట్టి చూపించేదాకా రాతి మరకలే అనుకున్నాను. తర్వాత ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. జేగురు రంగులో అడవిదున్న, లేడి, విల్లు పట్టిన మనిషి, గీతలు, చతురస్రాలు. 1990లో ఇవి వెలుగులోకి వచ్చాయి. చరిత్రకు ముందటి కాలం వాటితో పాటు తర్వాతి కాలాల్లో వేసినవీ ఉన్నాయి. ఒక దున్న వీపు గీత ఒక్క ఊపులో గీసినట్టుంది, చెయ్యి ఎక్కడా ఆగలేదు. దాని ముందు చాలాసేపు కూర్చున్నాను.

దానికి రెండడుగుల పక్కన తెల్ల పెయింటుతో ఒక అబ్బాయి పేరు, ప్లస్ గుర్తు, ఒక అమ్మాయి పేరు, ఊరి పేరు. ఒళ్లు మండింది. ఇంత దూరం పెయింటు డబ్బా మోసుకొచ్చారంటే ఎంత ఓపిక! మా ఆవిడ మాత్రం ఊరి పేరు చదివి, "వీళ్ల అడ్రస్ ఇంక మీసేవ వాళ్లు కూడా మార్చలేరు" అంది.

దిగేటప్పుడు ఒక పలక రాయి మీద బావమరిది చెయ్యి పెట్టి ఆగాడు. రాతి మీద సన్నని మడతలు, వరసగా. "అల వెనక్కి వెళ్లాక మా ఒడ్డు మీద ఇసుక ఇలాగే ఉంటాది" అన్నాడు. ఇసుకరాయి కదా, ఎప్పుడో నీళ్ల అడుగున పేరుకున్న ఇసుకే. ఆ మాట నేనంటే వాడు నమ్మేవాడు కాదు. సముద్రం పక్కన పెరిగిన వాడు తనే అన్నాడు కాబట్టి నేను గొడవ పెట్టుకోలేదు.

చెట్టు నీడలో మా అమ్మ కట్టిచ్చిన సర్వపిండి తిన్నాం. బావమరిది నాలుగు తిన్నాడు. తాతకు రెండిచ్చాం. డబ్బులివ్వబోతే వద్దని, ఖాళీ సీసా మాత్రం అడిగి తీసుకున్నాడు. ఆ ముప్పై రూపాయలకు అట్లా న్యాయం జరిగింది.

తిరుగు బస్సు నిండిపోయి ఉంది. ఈసారి లేడీ కండక్టరు. ఆధార్ అడగకుండానే మా ఆవిడకు జీరో టికెట్ కొట్టబోయింది.

"వద్దండీ, టికెట్ ఇవ్వండి. నాది భీమిలి."

"అదెక్కడమ్మా?"

"సముద్రం పక్కన."

కండక్టరు ఒకసారి ఆమె వైపు, ఒకసారి నా వైపు చూసి, మూడు టికెట్లు కొట్టింది.

సీతాఫలాలు నాలుగో రోజుకు పండాయి. అప్పటికి బావమరిది భీమిలి చేరుకున్నాడు. మా ఆవిడ వీడియో కాల్ చేసి, వాడికి చూపిస్తూ రెండూ తనే తినేసింది.