సంచి అద్దంలా ఉందన్నారు

"సంచి అద్దంలా ఉందమ్మా. అనుమానం మీ మనసులో ఉంది, మూత్రంలో కాదు." మూత్రం సంచిలోకి కెమెరా గొట్టం పంపి చూసే స్కోపీ చేసి, చేతులు కడుక్కుంటూ డాక్టర్ గారు అన్న మాట ఇది. అప్పుడు నేనూ నవ్వేశాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

నాకు మూత్రాశయంలో క్యాన్సర్ కణితి వచ్చి అప్పటికి రెండేళ్ళు. గీకి తీయడం, వారానికోసారి చొప్పున 6 వారాలు, కణితి తిరిగి రాకుండా బీసీజీ మందు సంచిలోకి ఎక్కించడం, ఆపైన 3 నెలలకోసారి స్కోపీ, ఇవన్నీ ఈ జబ్బు వచ్చినవాళ్ళు చాలామంది పడేవే. ప్రతిసారీ క్లీన్ అన్నారు. మధ్యలో ఒకరోజు మూత్రం మళ్ళీ ఎర్రగా వస్తే పరుగెత్తుకెళ్ళాను. అద్దం మాట ఆ రోజుదే.

మూడు వారాలు తిరక్కుండానే ఒక అర్ధరాత్రి ఎడమ నడుములో మొదలై గజ్జల దాకా పాకిన నొప్పి. రాయేమో అనుకున్నాను. గోడ పట్టుకుని బాత్‌రూమ్‌కి వెళ్తే, ఎర్రటి నీళ్ళలో వానపాములా ఏదో పడింది. సన్నగా, జానెడు పొడవు. అరవడానికి కూడా గొంతు రాలేదు. మావారు వచ్చి చూసి, ఫ్లష్ నొక్కబోతున్న నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఉండు, ఫొటో తీస్తాను." ఛీ, ఇప్పుడు ఫొటో ఏంటండీ అని తిట్టాను కూడా.

ఆ ఫొటోయే నన్ను కాపాడింది. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరమ్మాయికి మా పాపకన్నా చిన్న వయసుంటుంది. ఫోన్‌లో ఫొటో పెద్దది చేసి చూసింది. "ఇది సంచిలో కట్టిన గడ్డలా లేదు ఆంటీ. కిడ్నీ నుంచి దిగే గొట్టంలో గడ్డకట్టి, అదే ఆకారంలో జారినట్టుంది. పైన చూడాలి."

పైన! రెండేళ్ళలో ఆ మాట ఎవరైనా అంటే కదా. కిడ్నీ గిన్నె నుంచి గొట్టం మీదుగా సంచి దాకా లోపల ఉండేది ఒకే రకం పొరట. సంచిలో చెడిన పొర పైనా చెడొచ్చు. స్కోపీ సంచి వరకే చూస్తుంది, సంచిలో పోసిన బీసీజీ పైదాకా సరిగా చేరదు. రంగుమందు ఎక్కించి కిడ్నీలనీ గొట్టాలనీ చూసే సీటీ యూరోగ్రామ్‌లో, ఎడమ కిడ్నీ గిన్నెలో రంగుమందు నిండని ఖాళీ ఒకటి కనిపించింది. సన్నటి స్కోప్ పైకి పంపి ముక్క తీస్తే హై గ్రేడ్, అంటే దూకుడుగా పెరిగే రకం క్యాన్సర్ అని వచ్చింది. కిడ్నీ, గొట్టం మొత్తం, అది సంచిలో కలిసేచోటి అంచుతో సహా తీసేశారు.

"ఒక్క కిడ్నీతో ఎంతమంది బతకట్లేదక్కా" అన్నాడు తమ్ముడు. బతుకుతారురా, నాకూ తెలుసు. ఆ రోజు మాత్రం వాడితో మాట్లాడలేదు. పాపం, నాలుగు రాత్రులు కుర్చీలో పడుకున్నదీ వాడే.

రిపోర్టు పట్టుకుని పాత డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. "చాలా అరుదండీ" అన్నారు. అరుదే. సంచిలో వచ్చినవాళ్ళలో పైన వచ్చేది కొద్దిమందికే. అది నాకు తెలియకపోవచ్చు, ఆయనకు గుర్తుండాలి కదా! సంచి క్లీన్ అయినా రక్తం వస్తుంటే, పైన ఎప్పుడు చూశారో మొహమాటపడకుండా అడగండి. గడ్డ పడితే ఫొటో తీయండి, నవ్వితే నవ్వనీ.

పైన వచ్చినవాళ్ళకి సంచిలో మళ్ళీ రావడం మాత్రం అరుదు కాదట. అందుకే స్కోపీలు ఆగలేదు. ఆ రాత్రి మావారి చేత ఫోన్ పట్టించింది దేవుడేనని నా నమ్మకం. ఆయన ఒప్పుకోరు. ఇప్పటికీ నేను బాత్‌రూమ్‌లో ఉంటే తలుపు బయట నుంచి అడుగుతారు, "ఏం రంగు?"

"నీళ్ళలాగే ఉందండీ, వెళ్ళి పడుకోండి."