రావి ఆకు శాలువా

తార్నాకలో మా వీధి చివర ఆంజనేయస్వామి గుడి, గుడి ముందు రావిచెట్టు. పోయిన జనవరిలో ఓయూ క్యాంపస్‌లో నడక ముగించుకుని వస్తుంటే, చెట్టు మొదట్లో నీళ్ళు నిలిచిన చోట ఒక ఆకు దొరికింది. కండంతా కుళ్ళి పోయి ఈనెలు మాత్రం మిగిలాయి. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో దాచుకున్న రావాకు లాంటిదే. కానీ ఈసారి చేతిలోకి తీసుకోగానే నాకు అల్లిక కనిపించింది. సన్నటి నూలుతో ఎవరో ఓపిగ్గా అల్లి, ఆరేసి, అక్కడ మరిచిపోయి వెళ్ళినట్టు ఉంది.

నాకు అల్లిక అమ్మమ్మ వైపు నుంచి వచ్చింది. వాళ్ళది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు మధ్యాహ్నం పనులయ్యాక అరుగుల మీద కూర్చుని క్రోషియా పుల్లతో లేసు అల్లుతారు. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అమ్మమ్మది ఒంటి పుల్ల. నేను పెళ్ళయి హైదరాబాద్ వచ్చాక రెండు సూదులు పట్టాను. సూదుల లేసులో కిటుకంతా ఒక్క లెక్కలో ఉంది. చిల్లు కావాలన్న చోట నూలుని సూదికి ఒక చుట్టు చుట్టాలి, దాంతో ఒక కుట్టు పెరుగుతుంది. పెరిగినదానికి బదులుగా రెండు కుట్లు కలిపి ఒకటి చేయాలి. ఆ కలిపిన కుట్టు కుడికి వాలిందా, ఎడమకి వాలిందా, చిల్లుకి ఎంత దూరంలో ఉంది అన్నదాన్ని బట్టి ఆకో, అలో, ఈకో వస్తుంది.

ఈ విద్యలో పేరున్న ఊళ్ళవాళ్ళు వాళ్ళ చుట్టూ ఉన్నదే అల్లుకున్నారు. స్కాట్లాండ్‌లోని షెట్లాండ్ దీవుల శాలువాల్లో సముద్రపు అలలు, ఫెర్న్ ఆకులు ఉంటాయి. ఎస్టోనియాలోని హాప్సలు శాలువాల్లో లిల్లీ ఆఫ్ ది వ్యాలీ పువ్వు ఉంటుంది. ఇన్నాళ్ళూ నేనూ అవే అల్లాను. చూడని పువ్వుని ఎన్నిసార్లు అల్లినా చేతికి లెక్క గుర్తుంటుంది గానీ పువ్వు గుర్తుండదు. రావాకునైతే రోజూ చూస్తాను.

దొరికిన ఆకు చిరిగిపోయి ఉంది కాబట్టి ఇంకో పది ఆకులు కోసుకొచ్చి బాల్కనీలో ప్లాస్టిక్ టబ్బులో నానేశాను. రెండో వారానికే వాసన మొదలైంది. "ఏం ఊరవెట్టినవ్ బిడ్డా, గింత వాసనొస్తుంది?" అని అత్తయ్య అడిగింది గానీ టబ్బు తీయించలేదు. నాలుగు వారాలు నీళ్ళు మారుస్తూ పోయాక, పళ్ళెంలో నీళ్ళు పోసి మెత్తటి టూత్‌బ్రష్‌తో తట్టాను. రుద్దకూడదు, తట్టాలి. మెత్తటి పొర ఊడి వస్తుంటే కింద నుంచి వల బయటపడుతుంది. పదింటిలో నాలుగు ఆకులు చిరక్కుండా వచ్చాయి.

గ్రాఫ్ కాగితం తీసుకుని బొమ్మ వేశాను. నడిమి ఈనె, దానికి రెండు పక్కలా అంచు దాకా పోయే ఈనెలు. చూస్తే ఏదో ఆకులాగే ఉంది గానీ రావాకులా లేదు. రెండు రోజులు తోక పొడుగు పెంచాను, తగ్గించాను. ఉహుఁ. చివరికి రాత్రి ఫోన్ టార్చి మీద ఆకు పెట్టి చూస్తే తెలిసింది. రావాకులో పక్క ఈనెలు అంచుని తాకవు. అంచుకి కాస్త ఇవతలే వంగి, పక్కనున్న ఈనెతో కలిసిపోతాయి. ఆకు చుట్టూ వరసగా కమానులు కట్టినట్టుంటుంది. ఆ కమానుల అవతల సన్నటి వల అంచు. నలభై ఏళ్ళుగా చూస్తున్న ఆకుని నేను అసలు చూడనే లేదు.

మా మామయ్య పోచంపల్లిలో ఇక్కత్ చీరలకి డిజైన్లు వేసేవారు. గ్రాఫ్ కాగితం ఆయన చేతిలో పుట్టిందా అనిపిస్తుంది. మార్చిన బొమ్మ చూపించాను. కళ్ళజోడు తీసి, దగ్గరగా పెట్టుకుని చూశారు.

"కాగితం మీది గడి చదరంగ ఉన్నదమ్మా. నీ కుట్టు గూడ గట్లనే ఉంటదా?"

ఉండదు. కుట్టు వెడల్పెక్కువ, ఎత్తు తక్కువ. ఇంత కాలం అల్లుతూ ఆ మాట నాకు తెలుసు, కానీ బొమ్మ వేసేటప్పుడు తట్టలేదు. నమూనా ముక్క అల్లి, తడిపి, ఆరబెట్టి కొలిచాను: 10 సెంటీమీటర్లకి 18 కుట్లు, 26 వరుసలు. మామయ్య స్కేలు పెట్టి, ఒక్కో గడి ఎత్తు కంటే వెడల్పు దాదాపు ఒకటిన్నర రెట్లు ఉండేలా కొత్త కాగితం గీసిచ్చారు. అందులో వేశాక కమానులు సరిగ్గా కమానుల్లా కనిపించాయి.

శాలువా ఆకారం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాకు అన్నిటికన్నా సంతోషమిచ్చింది అదే. మెడ దగ్గర 9 కుట్లతో మొదలుపెట్టి కిందికి అల్లే త్రికోణపు శాలువా ఉంటుంది. ఎదురు వరుస, అంటే శాలువా ముందు వైపు మనకి కనిపించేలా అల్లే వరుస, రెండు వరుసలకి ఒకటి వస్తుంది. అది అల్లిన ప్రతిసారీ నాలుగు కుట్లు పెరుగుతాయి: రెండు చివర్లలో ఒక్కొక్కటి, శాలువా నడుమ నిలువుగా దిగే వెన్ను కుట్టుకి అటొకటి, ఇటొకటి. అలా వెన్ను దగ్గర పుట్టిన కుట్టు కిందికి పోయే కొద్దీ ఏటవాలుగా అంచు వైపు జరుగుతుంది. ఆకులో పక్క ఈనె నడిచే దారి కూడా అదే! అంటే ఆకు బొమ్మని శాలువా మీద అతికించాల్సిన పని లేదు, శాలువా పెరిగే తీరులోనే ఆకు ఉంది. వెన్ను కుట్టే నడిమి ఈనె. ప్రతి 24 వరుసలకి వెన్ను పక్కన ఒక కొత్త ఈనెని మొదలుపెడితే ఒకదానికొకటి 12 కుట్ల ఎడం వస్తుంది. ఎనిమిది జతల ఈనెలకి 192 వరుసలు. తర్వాత ప్రతి ఈనెనీ రెండుగా చీల్చి, ఎదురు వరుసకి ఒక కుట్టు చొప్పున అటూ ఇటూ జరిపితే, 12 వరుసల్లో పక్క ఈనె పాయతో కలిసి కమాను అవుతుంది. ఆ కింద ఇంకో 12 వరుసలు ఉత్త వల. రెక్కల వైపు, అంటే రెండు చివర్లలో పుట్టే కుట్లలో మాత్రం ఈనెలు పెట్టలేదు. అక్కడా పెడితే వీపు మీది ఆకు మాయమైపోతుంది.

నూలు దగ్గర రాజీ పడలేదు. మొదట్లో ఒకసారి కోఠీలో ఒక కొట్లో ఉన్ని అని చెబితే నమ్మి కొన్నాను. అల్లి, తడిపి, లాగి పిన్నులు పెట్టి ఆరేస్తే, పిన్నులు తీయగానే ముడుచుకుపోయింది. అది అక్రిలిక్. ఉన్ని తడిపి లాగి ఆరేస్తే ఆ ఆకారంలో నిలబడుతుంది, అక్రిలిక్ అలా నిలవదు. లేసుకి అదే ప్రాణం. ఈసారి మెరినో ఉన్ని, పట్టు కలిసిన నూలు తెప్పించాను. 100 గ్రాముల చిలప (వదులుగా చుట్టిన నూలు కట్ట), 800 మీటర్లు. ఫాల్గుణంలో రావి చిగురు వేసినప్పుడు ఉండే ఎర్రటి రాగి రంగు.

చిలపని ఉండ చుట్టే రోజు అత్తయ్య తనే వచ్చి ఎదురుగా కూర్చుంది. పెళ్ళి కాకముందు నుంచీ ఆసు పోసిన, అంటే ఇక్కత్ చీరల కోసం మేకుల చుట్టూ పోగు చుట్టిన చేతులవి. చిలపని రెండు మణికట్లకి తగిలించుకుని, నేను లాగే కొద్దీ చేతులు ఇటు అటు ఊపుతూ పోగు వదిలింది. ఒక్క చోట కూడా చిక్కు పడలేదు. నేను బొటనవేలు లోపల పెట్టి వదులుగా చుట్టాను. బిగించి చుడితే ఉన్నిలో సాగే గుణం చచ్చిపోతుంది. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో అత్తయ్య తన చిన్నప్పటి సంగతులు చాలా చెప్పింది, అంతకు ముందెప్పుడూ చెప్పనివి.

మార్చిలో 4 మిల్లీమీటర్ల సూదులతో మొదలుపెట్టాను. ఎండాకాలం ఒళ్ళో ఉన్ని పెట్టుకోవడం కష్టమే, పొద్దున ఐదున్నర నుంచి ఏడు వరకే అల్లేదాన్ని. చేతికి చెమట పడితే పట్టు పోగు సూది మీద కదలదు.

ఒక్కో ఈనె జత పూర్తవగానే కుట్లన్నిటి గుండా డెంటల్ ఫ్లాస్ దూర్చి ఉంచాను. లైఫ్‌లైన్ అంటారు దీన్ని. తప్పు జరిగి విప్పాల్సి వస్తే అక్కడ ఆగుతుంది. నాకది ఏడో ఈనె దగ్గర పనికొచ్చింది. లష్కర్ బోనాల రోజు ఇంటి నిండా చుట్టాలు. మధ్యలో లేచి వెళ్ళి వచ్చి, ఎక్కడున్నానో చూసుకోకుండా అల్లేశాను. 156వ వరుసకి వచ్చాక పరిచి చూస్తే ఎడమ ఈనె కుడిదానికన్నా రెండు వరుసలు ఆలస్యంగా మొదలైంది. మా ఆయన "ఎవరికి తెలుస్తది?" అన్నారు. నాకు తెలుస్తుంది. ఆ ఆకు కోసం నెల రోజులు టబ్బు దగ్గర కూర్చున్నదాన్ని నేను. సూది లాగేశాను. 300 కుట్ల వరుసలు పన్నెండూ పది నిమిషాల్లో నూలైపోయాయి. లైఫ్‌లైన్ మీద కుట్లు ఒక్కటి కూడా జారకుండా వరసగా నిలబడి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే సూదికి ఎక్కిస్తుంటే ఏడుపూ వచ్చింది, ధైర్యమూ వచ్చింది.

కమానులు కలిసేసరికి వంటింటి తూకం మీద 16 గ్రాముల నూలు మిగిలింది. ఆ దశలో వరుసకి దాదాపు 0.9 గ్రాము పడుతోంది. కుట్లు ముగించడానికి ఇంకో నాలుగు గ్రాములు కావాలి, తోక ఉండనే ఉంది. లెక్క వేసుకుని, 12 వరుసల వలని ఎనిమిదికి తగ్గించాను. 441 కుట్లు అనుకున్నది 433 దగ్గర ముగిసింది. తోక మాత్రం తగ్గించలేదు. వెన్ను దగ్గరి ఐదు కుట్లని వేరే పెట్టి, మిగిలినవి వదులుగా ముగించి, ఆ ఐదింటినీ సన్నగా చేసుకుంటూ పొడుగ్గా అల్లాను. తోక లేనిదే అది రావాకు కాదు.

ఆగస్టులో తడిపాను. గోరువెచ్చని నీళ్ళలో అరగంట నాననిచ్చి, పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమి నీళ్ళు తీశాను. సూది నుంచి దిగినప్పుడు నలిగిన గుడ్డ పేలికలా ఉంది. పాప ఆడుకునే రబ్బరు చాపలు నేల మీద పరిచి, వెన్ను నుంచి మొదలుపెట్టి స్టీలు పిన్నులు గుచ్చుకుంటూ వచ్చాను. నమూనా ముక్కకి మామూలు గుండుసూదులు వాడితే తుప్పు మరక పడింది, అందుకే స్టీలువి తెప్పించాను. కమాను ఒక్కోటి లాగి పిన్ను పెడుతుంటే, ఆ పక్క చిల్లులు కళ్ళు తెరిచినట్టు తెరుచుకున్నాయి. మామయ్య కుర్చీ తెచ్చుకుని కూర్చున్నారు. చివరి పిన్ను తోకది, ఆయన చేతే పెట్టించాను. వర్షాకాలపు తేమకి ఫ్యాను కింద రాత్రంతా ఉంచాల్సి వచ్చింది.

రెక్క నుంచి రెక్కకి 186 సెంటీమీటర్లు, వెన్ను 96. మిగిలిన నూలు నాలుగు గ్రాములు.

షెట్లాండ్ వాళ్ళ మేలిరకం శాలువాలు పెళ్ళి ఉంగరంలో దూరతాయని, మన సిరిసిల్ల నేతన్నలు అగ్గిపెట్టెలో పట్టే చీర నేసినట్టే అదీనని అత్తయ్యకి చెప్పాను. వెంటనే వేలి ఉంగరం తీసిచ్చింది. దూర్చి చూశాం, సగం కూడా పోలేదు. అప్పుడు చేతి గాజు ఒకటి తీసింది. తోక ముందు పెట్టి లాగితే మొత్తం శాలువా సర్రున గాజులోంచి వచ్చేసింది. అత్తయ్య దాన్ని భుజాల మీద కప్పుకుని అద్దం ముందు నిలబడింది. తర్వాత మడత పెట్టి, ఎండిన వేపాకులు వేసి, తన పెళ్ళి చీర పక్కన పెట్టుకుంది.