నైరుతి మూల, బీరువా అద్దం, రెండు ప్రమిదలు

సారెలో వచ్చిన బీరువా మొదటి రోజు ఏ గోడకి ఆనిస్తే ఇక జన్మంతా ఆ గోడకే. మిగిలిన చోట్లో మంచం. శ్రీకాకుళం, విజయనగరం పాత వీధుల్లోని వరస ఇళ్ళలో పడగ్గది సర్దుబాటు చాలావరకు ఇలాగే జరుగుతుంది. చైనా వాళ్ళ వాస్తు లాంటి ఫెంగ్‌షుయ్ ప్రకారం భార్యాభర్తల మధ్య దగ్గరతనం పెరగాలంటే ముందు సరిచేయాల్సినవి సరిగ్గా ఈ రెండే: మంచం, దానికి ఎదురుగా ఉన్న అద్దం. ప్రేమ కోసమని అమ్మే గులాబీ రాళ్ళు, బాతుల జంటలు కొనడం ఆ తర్వాతి సంగతి. మంచం గోడకి నొక్కేసి ఉన్న గదిలో ఎన్ని బాతులు పెట్టినా ఆ గది ఒక్కరి కోసం సర్దినట్టే ఉంటుంది.

చైనా వాళ్ళ లెక్కలో నైరుతి దిక్కుది 'ఖున్' గుర్తు. మూడు విరిగిన గీతలు, తత్వం భూమి, ఇంటి ఇల్లాలి స్థానం, దాంపత్యం. మన వాస్తులో కూడా నైరుతి గది యజమాని దంపతులదే. రెండు శాస్త్రాలూ ఇక్కడ కలిసిరావడం మనకి మంచిదే, పెద్దవాళ్ళతో పేచీ ఉండదు.

నైరుతి ఎక్కడుందో తేల్చడంలోనే చాలామంది పొరపాటు పడతారు. "పొద్దు పొడిచే వైపు తూర్పు" అనుకుని లెక్కేస్తారు. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదిలో రెండుసార్లే, మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతంలో. మన వైపు జూన్ చివర్లో సూర్యోదయం తూర్పు నుంచి సుమారు 25 డిగ్రీలు ఉత్తరానికి జరుగుతుంది, డిసెంబరులో అంతే దక్షిణానికి. అరసవల్లిలో కిరణాలు స్వామి పాదాలను మార్చిలోను, అక్టోబరులోను తాకి మిగతా నెలల్లో తాకకపోవడం వెనక ఉన్నదీ ఈ కదలికే. ఫెంగ్‌షుయ్‌లో ఒక్కో దిక్కు వాటా 45 డిగ్రీలు, నైరుతి 202.5 నుంచి 247.5 వరకు. 25 డిగ్రీలు తప్పామంటే సగం వాటా దాటి జారిపోయినట్టే. నైరుతి అనుకుని జూన్‌లో దక్షిణాన, డిసెంబరులో పడమట సర్దుతాం.

అందుకని దిక్సూచి వాడండి. ఫోన్లో ఉన్నదైనా సరే, ముందు ఫోన్ని గాల్లో ఎనిమిది అంకెలా నాలుగైదు సార్లు తిప్పాలి. బీరువాకి, ఫ్రిజ్‌కి, ఇనప గ్రిల్‌కి కనీసం నాలుగడుగులు ఎడంగా నిలబడాలి. శ్లాబు ఇంట్లో ఊచలు కూడా ముల్లుని లాగుతాయి. మూడు చోట్ల చూసి, మూడూ దగ్గర దగ్గరగా వస్తేనే నమ్మండి. రాకపోతే వీధి గుమ్మం బయట ఖాళీలో నిలబడి చూడండి. ఇంకో జాగ్రత్త. గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తే కుడి చేతి వైపు చివరి మూల ప్రేమ స్థానం అని కొన్ని బొమ్మల్లో ఉంటుంది. అది అమెరికాలో బాగా వ్యాపించిన బ్లాక్ హాట్ పద్ధతి, దిక్సూచితో పనిలేనిది. దేన్నైనా పాటించండి కానీ రెండూ కలపకండి. కలిపితే ఇంట్లో రెండు ప్రేమ మూలలు తయారై, ఏదీ సరిగా సర్దినట్టు ఉండదు.

తూర్పు వీధి వరస ఇంట్లో నైరుతి వచ్చి పడేది పెరటి వైపు, అంటే వంటగదో మరుగుదొడ్డో ఉన్న చోట. దానికి గోడలు పగలగొట్టించుకోనక్కర్లేదు. కారే కుళాయి బాగుచేయించండి, తలుపు మూసి ఉంచండి, కమోడ్ ఉంటే మూత దించి ఉంచండి. ఆపైన పడగ్గదినే చిన్న ఇల్లుగా తీసుకుని, ఆ గదిలో నైరుతి మూలని సర్దుకోండి. ఒక్కో గదికీ దాని దిక్కులు దానికి ఉంటాయన్నది ఫెంగ్‌షుయ్‌లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. వీధి గుమ్మం, నడిమి గుమ్మం, పెరటి గుమ్మం ఒకే వరసలో ఉంటే ప్రాణశక్తి నిలవకుండా దూసుకుపోతుందంటారు. కానీ మన ఉక్కపోతలో ఆ గాలే ప్రాణం, అడ్డంగా బీరువా పెట్టి చంపేయకండి. నడిమి గుమ్మానికి పల్చటి నూలు తెర వేసి, కింద అడుగున్నర వదలండి. గాలి వస్తుంది, పరుగు తగ్గుతుంది.

ఇక మంచం. పడుకున్న చోటు నుంచి తలుపు ఏటవాలుగా కనబడాలి, కాళ్ళు మాత్రం సూటిగా తలుపుకేసి ఉండకూడదు. శవాన్ని అలాగే బయటికి తీసుకెళ్తారని చైనాలోనూ పట్టింపు ఉంది. తల వెనక గట్టి గోడ ఉండాలి, కిటికీ కాదు, అవతల మరుగుదొడ్డి ఉన్న గోడా కాదు. అన్నిటికన్నా ముఖ్యం, రెండు వైపులా దిగే దారి. 10 అడుగుల గోడకి 5 అడుగుల మంచం మధ్యలో వేస్తే చెరో వైపు రెండున్నర అడుగులు మిగులుతుంది. 9 అడుగుల గోడకైనా రెండేసి అడుగులు వస్తాయి. గోడకి నొక్కేస్తే లోపలి వైపు పడుకున్నవాళ్ళు రాత్రి లేవాలంటే రెండోవాళ్ళని దాటాలి. ఆ ఇబ్బంది దాదాపు ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళదే అవుతుంది. రెండు సింగిల్ మంచాలు కలిపి వేసుకున్నవాళ్ళు ఆ మంచాల కాళ్ళని తాడుతో బిగించి, రెండు పరుపుల కింద ఎర్ర దుప్పటి ఒకటి, పైన మొత్తం కప్పేలా ఒకే మందపాటి బొంత పరవాలి. మధ్య సందు ఇద్దరినీ వేరు చేసే గీత అంటుంది ఫెంగ్‌షుయ్. శరీరానికి తెలిసేదీ అదే, ఎవరి పరుపు వాళ్ళదిగా అటూ ఇటూ జరిగిపోతారు.

బీరువా అద్దంలో మంచం కనబడితే పడగ్గదిలో మూడో మనిషి ఉన్నట్టు. దీన్ని బాగా పట్టించుకుంటారు. నిద్రమత్తులో కళ్ళు తెరిస్తే చీకట్లో కదిలే నీడ ఉలికిపాటు తెప్పిస్తుంది కూడా. దక్షిణం గోడ 12 అడుగులుంటే లెక్క చక్కగా కుదురుతుంది. నైరుతి మూలలో గోడకి వీపు పెట్టి ఉత్తరానికి తెరుచుకునేలా 3 అడుగుల బీరువా, 2 అడుగుల సందు, 5 అడుగుల మంచం, మళ్ళీ 2 అడుగులు. బరువు నైరుతిలో ఉండటంతో వాస్తూ తీరింది, తల దక్షిణానికి వచ్చింది, అద్దం ఉత్తరం గోడని చూస్తుంది తప్ప మంచాన్ని కాదు. అదే బీరువాని అదే మూలలో పడమటి గోడకి ఆనిస్తే మంచం మొత్తం అద్దంలో పడుతుంది, గుర్తుంచుకోండి. గోడ చిన్నదైతే అద్దం మీద చిన్న రాడ్డు బిగించి తెర వేయండి. జరిపేముందు బీరువా ఖాళీ చేయండి, నిండుగా ఉన్నదాన్ని ఈడిస్తే కాళ్ళు వంగి తలుపు పట్టేస్తుంది. గోడకి మూడంగుళాలు ఎడం వదలండి. నైరుతి వానలు పడమర, దక్షిణం గోడలకి కొడతాయి, చెమ్మ దిగిన గోడకి ఆనిస్తే వెనక తుప్పు, లోపల పట్టుచీరలకి బూజు.

మంచం మీదుగా దూలం వెళ్తున్నా, తల మీద అటక ఉన్నా మంచాన్ని జరపడమే మందు. కుదరకపోతే అటక మీది ఇత్తడి గుండిగలు, పాత ట్రంకులు దించేయండి. దోమతెర పైగుడ్డ మందంగా ఉన్నది కుట్టించుకుంటే దూలానికి అడ్డుతెరలా పనిచేస్తుంది. మంచం కింద మాత్రం ఏమీ వద్దు. దండలు వేసిన పెద్దల పటాలు సావిట్లోకి మార్చండి. అది అమర్యాద కాదు, వాళ్ళ ముందు సిగ్గుపడే పని తప్పుతుంది.

నైరుతి మూలలో ఏం పెట్టాలన్నది తత్వాలని బట్టి. నిప్పు భూమిని పుట్టిస్తుంది. చెట్టు భూమిని చీలుస్తుంది. లోహం భూమిలోంచి పుట్టి దాని సత్తువ లాగేస్తుంది. ఈ లెక్కన మన జిల్లాల్లో అందరూ ముచ్చటపడే బుడితి ఇత్తడి హంసల జంట ఈ మూలకి పనికిరాదు. బొబ్బిలి వీణ బొమ్మా అంతే, అది పనస కర్ర. రెండింటినీ సావిట్లో పెట్టుకోండి. చేపల తొట్టె, మనీ ప్లాంటు కూడా ఇక్కడ వద్దు. ఈ మూలకి అన్నిటికన్నా సరిపోయేవి కుమ్మరి చేసిన మట్టి ప్రమిదలు రెండు. మట్టి భూమి, దీపం నిప్పు, జంట అన్న మాటా నిలబడింది. ఒకే కొలతవి చూసి తీసుకోండి. పళ్ళెంలో పెట్టి, దోమతెరకీ తెరలకీ మూడడుగుల దూరంలో వెలిగించి, పడుకునే ముందు తప్పక కొండెక్కించండి. దీపం భయమైతే 5 వాట్ల పసుపు కాంతి బల్బులు రెండు చాలు, మంచానికి చెరో వైపు ఒకే ఎత్తులో. గది అంతా ఎర్ర రంగు వేయించకండి, నిప్పు ఎక్కువైన గదిలో నిద్ర ఉండదు, మాట పెళుసవుతుంది.

ఏ మార్పయినా ఇద్దరూ అనుకుని చేయాలి. ఒకరు ఊళ్ళో లేనప్పుడు రెండోవాళ్ళు గదంతా తిప్పేస్తే ఆ గొడవకి ఏ మూలా విరుగుడు కాదు. తాగి కొట్టే ఇంట్లో మంచం తిప్పి ఎదురుచూడకండి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

సంబంధాలు చూస్తున్నవాళ్ళకి లెక్క కొంచెం వేరు. మంచానికి రెండో వైపు కూడా దారి వదిలి, బీరువాలో ఒక అర ఖాళీగా ఉంచి, ప్రేమని, పెళ్ళిని రప్పిస్తుందని ఫెంగ్‌షుయ్ చెప్పే 'పీచ్ పువ్వు' దిక్కులో పూలు పెట్టాలి. అది పుట్టిన సంవత్సరాన్ని బట్టి ఉంటుంది. 1992, 1996, 2000లో పుట్టినవాళ్ళకి పడమర. 1993, 1997, 2001 వాళ్ళకి దక్షిణం. 1990, 1994, 1998 వాళ్ళకి తూర్పు. 1991, 1995, 1999 వాళ్ళకి ఉత్తరం. జనవరిలో పుట్టినవాళ్ళు ముందు సంవత్సరం కింద చూసుకోవాలి, ఎందుకంటే ఈ లెక్కలో కొత్త ఏడాది ఫిబ్రవరి 4 ప్రాంతంలో మొదలవుతుంది. తాజా పూలే పెట్టాలి, గులాబీలైతే ముళ్ళు తీసేసి. నీళ్ళు రోజు విడిచి రోజు మార్చి, కుండీ లోపలి అంచు రుద్ది కడగండి, డెంగీ దోమ గుడ్లు అంటుకునేది అక్కడే. రేకులు వాడగానే తీసేయండి, వాడిన పూలు ఉంచడం కన్నా ఖాళీ కుండీ నయం. పెళ్ళి కుదిరాక ఈ కుండీ పడగ్గదిలోంచి తీసి సావిట్లో పెట్టేయాలి.