నిద్రమాత్ర రాయించుకుందామని వెళ్ళాను

నాకు సిరోసిస్, అంటే లివర్ గట్టిపడి పాడైపోయే జబ్బు, ఉందని తెలిసి నాలుగేళ్ళయింది. కడుపులో నీరు, కాళ్ళవాపు, వాటి మాత్రలు అన్నీ అలవాటైపోయాయి. నిద్ర పట్టకపోవడం కూడా డాక్టరుకి చెప్పాల్సిన విషయమేనని మాత్రం నాకు తట్టలేదు. రాత్రి మూడింటి దాకా అటూ ఇటూ దొర్లడం, పొద్దున పదకొండింటికి కుర్చీలోనే కునుకు తీయడం. వయసు, టెన్షన్ అనుకున్నాను.

ఎవరో చెప్తే మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ మాత్రల డబ్బా కొన్నాను. ఒంట్లో తయారయ్యేదే కదా, ఏం చేస్తుందిలే అన్న ధైర్యం. 5 మిల్లీగ్రాములవి రెండు వేసుకున్నాను, అదీ అర్ధరాత్రి దాటాక. మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదు. లేచాక కూడా మాట ముద్దముద్దగా వచ్చిందట. మా ఆవిడ "ఏమండీ, ఇవాళ ఏ వారం?" అని అడిగితే ఆలోచించాల్సి వచ్చింది. ఆ సాయంత్రమే లివర్ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. నా ఉద్దేశం మాత్రం పనిలో పనిగా ఇంకో మంచి నిద్రమాత్ర రాయించుకుందామనే.

నేను నిద్ర గురించి చెప్తుంటే ఆయన నా చేతుల వైపే చూస్తున్నారు. రెండు చేతులూ ముందుకి చాపి, ఎదురొచ్చే బండిని ఆపుతున్నట్టు అరచేతులు ఎత్తి పట్టుకోమన్నారు. రెండు మూడుసార్లు వాటంతటవే కిందికి జారి మళ్ళీ లేచాయి. తర్వాత ఒక కాగితం ఇచ్చారు. చెల్లాచెదురుగా ఉన్న 1 నుంచి 25 దాకా అంకెల్ని వరసగా గీత గీసి కలపాలి. జీవితమంతా లెక్కలు రాసి బతికినవాణ్ణి, 14 కోసం వెతుక్కుంటూ కూర్చున్నాను. ఆ తర్వాత, ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు వస్తే అన్ని చెప్పమన్నారు. 11 దగ్గర ఆగిపోయాను. అందులో ఏనుగు రెండుసార్లు వచ్చిందని మా ఆవిడ బయటికొచ్చాక చెప్పింది.

"మోషన్ రోజుకి ఎన్నిసార్లు అవుతోంది?" అని అడిగారు. దొరికిపోయాను. కడుపు ఉబ్బరంగా ఉంటోందని, విరేచనం సాఫీగా అవడానికి ఇచ్చిన లాక్టులోజ్ సిరప్ నెల కిందటే మానేశాను, ఇంట్లో కూడా చెప్పలేదు. పేగుల్లో పుట్టే అమ్మోనియాని లివర్ శుభ్రం చేయలేకపోతే అది మెదడు దాకా వెళ్తుందని, రాత్రి మెలకువ, పగలు మగత దానికి తొలి గుర్తులు కావచ్చని చెప్పారు. దీన్ని హెపాటిక్ ఎన్‌సెఫలోపతి అంటారట. ఇన్ఫెక్షన్, సోడియం చూడటానికి రక్తపరీక్షలు రాశారు. రోజుకి రెండు మూడు మెత్తటి విరేచనాలు అయ్యేలా సిరప్ ఎక్కువ తక్కువలు చూసుకోమన్నారు. పేగుల్లో పనిచేసే యాంటీబయాటిక్ రిఫాక్సిమిన్ 550 మిల్లీగ్రాములు రోజుకి రెండు పూటలా. బండి నడపొద్దన్నారు. అన్నిటికన్నా బాధపెట్టింది అదే.

మామూలు నిద్రమాత్రలు, ముఖ్యంగా డయాజిపామ్ లాంటివి, ఈ స్థితిలో మనిషిని ఇంకా మత్తులోకి తోస్తాయట. మరి మెలటోనిన్ సంగతి? చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి దాన్ని వదులుతుంది, విరిచేసేది లివరే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తంలో అది గంటలోపే సగానికి పడిపోతుంది. సిరోసిస్‌లో అలా కాదు, పగలు కూడా నిలవ ఉంటుంది, రాత్రి పెరగాల్సింది ఆలస్యంగా పెరుగుతుంది. అంటే నా ఒంట్లో మెలటోనిన్ లేక కాదు, దాని వేళ తప్పింది. దానిమీద అర్ధరాత్రి ఇంకో 10 మిల్లీగ్రాములు పోశాను! పైగా డబ్బా మీది అంకెని కూడా నమ్మలేం. కెనడాలో అమ్మే 31 రకాలు పరీక్షించి 2017లో వెల్లడించిన ఫలితాల్లో, రాసినదానికన్నా 83 శాతం తక్కువ ఉన్నదీ, 478 శాతం ఎక్కువ ఉన్నదీ కూడా దొరికాయి.

నెల తిరిగేసరికి బుర్ర తేటపడింది. నిద్ర మాత్రం ఒంటిగంటకి ముందు రాలేదు. అప్పుడు ఆయనే మెలటోనిన్ 3 మిల్లీగ్రాములు, పడుకోవడానికి రెండు గంటల ముందు వేసుకోమన్నారు, రెండు వారాలు చూద్దామని. "దీంతో జ్ఞాపకశక్తి కూడా పెరుగుతుందా?" అని అడిగాను. "నిద్రకి పనికొస్తుందని చిన్న చిన్న ట్రయల్స్ ఉన్నాయి. బుర్రకి పనికొస్తుందనడానికి గట్టి రుజువు లేదు. ఇది వేసుకుంటున్నానని సిరప్ మాత్రం మానకండి" అన్నారు.

నీరు తగ్గే మాత్ర సాయంత్రం వేసుకుంటున్నానని ఆరోజే బయటపడింది. రాత్రి నాలుగుసార్లు లేవక ఏం చేస్తాను? పొద్దుటికి మార్చారు. మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీ బంద్, ఎందుకంటే వాటిలోని కెఫీన్‌ని విరిచేది కూడా మెలటోనిన్‌ని విరిచే లివర్ ఎంజైమే, నాలాంటివాళ్ళలో అదీ చాలాసేపు ఉండిపోతుంది. పొద్దున్నే అరగంట ఎండలో నడక.

ఇప్పుడు పదకొండున్నరకి నిద్ర పడుతోంది. ఇందులో మెలటోనిన్ వాటా ఎంతో, టీ మానడం వాటా ఎంతో విడదీసి చెప్పలేను. పట్టని రాత్రులు వారంలో ఒకటో రెండో ఇంకా ఉన్నాయి. మొన్న పరీక్షలో 17 జంతువులు చెప్పాను, ఏనుగు ఒక్కసారే.

మా ఆవిడ మాత్రం రోజూ పొద్దున ఏ వారమో అడుగుతూనే ఉంది. పోయిన వారం సరదాకి తప్పు చెప్పి నవ్వబోయాను. ఆమె అప్పటికే ఫోన్ తీసి డాక్టరు నంబరు నొక్కుతోంది.