నా 420 కథ

మా ఇంట్లో పేకాట అంటే పండగ రాత్రుల పదమూడు ముక్కలాట. ముక్క తీయగానే అత్తయ్య మూతి ముడిచిందంటే జోకర్ రాలేదని అందరికీ తెలిసిపోయేది. సగం సరదా ఆ ముఖాల్లోనే ఉండేది. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, ముఖాలు చదివే ఈ విద్యతోనే తార్నాక నుంచి సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుకు, ఇద్దరిద్దరు జతలుగా ఆడే బ్రిడ్జి అనే పేకాట ఆడడానికి వెళ్లాను. రమ్మీలో ఉండే అదృష్టం బ్రిడ్జి పంపకంలో ఉండే అదృష్టం లాంటిదేనని 1967లో సుప్రీంకోర్టు అన్నది కూడా సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే. కోర్టు మాట సరే, నాకు మాత్రం ఆ రెండు ఆటలకూ చుట్టరికమే కనిపించలేదు.

నాకు జతగా కూర్చున్నది రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన. అన్నయ్యగారూ అని పిలుస్తాను. ఒక చుట్టు ముక్కలు గెలిస్తే ఒక పట్టు; ఆరు పట్ల మీద ఇంకెన్ని గెలుస్తామో ముందే చెప్పేది బిడ్. మొదటి వారమే నా బిడ్‌కు నేనే, దానికి ప్రత్యేక అర్థం ఉందని ఎదుటివారికి చెప్పే అలర్ట్ కార్డు చూపించి నవ్వులపాలయ్యాను. ఆ కార్డు చూపాల్సింది బిడ్ వేసినవారు కాదు, వారి జత.

అసలు గొడవ మూడో వారం జరిగింది. అన్నయ్యగారు ఒక ఇస్పేటుతో మొదలుపెట్టారు. నా దగ్గర నాలుగు ఇస్పేట్లు, పెద్ద ముక్కల లెక్కలో 9 పాయింట్లు ఉన్నాయి. రెండుకు ఎక్కువ, మూడుకు తక్కువ. బిడ్ కార్డుల డబ్బా మీద చేయి పెట్టి చాలాసేపు ఆలోచించి, చివరికి రెండు ఇస్పేట్లు వేశాను. ఆయన నాలుగన్నారు. సరిగ్గా పది పట్లు వచ్చాయి. పట్లకు 120, నాలుగు ఇస్పేట్ల లాంటి పెద్ద బిడ్ నెగ్గినందుకు గేమ్ బోనస్ 300, మొత్తం 420. నేను స్కోరు రాసుకుంటుండగా ఎదుటి జతలోని ఆవిడ చేయెత్తి, ఆటలో తగవులు తీర్చే డైరెక్టర్‌ను పిలిచారు.

ఇంటికి పోలీసులు వచ్చినట్టయింది నాకు. డైరెక్టర్ శాంతంగా, "మీరు ఆగి వేశారా అమ్మా?" అని అడిగారు. ఆగానన్నాను. ఆయన అన్నయ్యగారి ముక్కలు కాగితం మీద రాసుకుని వెళ్లి వేరే బల్లల దగ్గర నలుగురిని అడిగారు: జత రెండు ఇస్పేట్లంటే ఈ చేతితో మీరేం చేస్తారని. ముగ్గురు పాస్ అన్నారు. అంతే, మా కాంట్రాక్టు, అంటే చివరి బిడ్, రెండు ఇస్పేట్లకు దిగిపోయింది. పది పట్లూ మావే, కానీ గేమ్ బోనస్ పోయి 50 మిగిలింది. 170.

మన ఊళ్లో 420 అంటే ఎలాంటి మనిషో తెలిసిందే కదా. ఆ రాత్రి నన్ను అదే అన్నట్టు అనిపించి, సమోసా కూడా ముట్టుకోలేదు. బయటికి వచ్చాక అన్నయ్యగారే చెప్పారు: "ఆలోచించడం తప్పు కాదమ్మా. మీ ఆలోచన నాకు వినబడింది, రెండుకు మించిన బలం ఉందని తెలిసిపోయింది. వినబడనట్టు ఆడాల్సింది నేను. తప్పు నాది."

స్టాప్ కార్డు సంగతి కూడా అప్పుడే అర్థమైంది. ఎవరైనా ఆ కార్డు చూపి ఒక మెట్టు దాటి బిడ్ చేస్తే తర్వాతివారు, ఆలోచించేది ఏమీ లేకపోయినా, పది సెకన్లు ఆగాలి. అందరూ ఆగితే ఆగడానికి అర్థమే ఉండదు. అంతవరకు అది ఉత్త తతంగమనుకున్నాను.

స్కోరు ఇంకో దెబ్బ కొట్టింది. ఒకసారి నాలుగు ఆఠీన్లు చక్కగా నెగ్గి 420 తెచ్చుకుంటే, ఆ బోర్డులో, అంటే ఆ పంపకంలో, మాకు సున్నా! మిగతా ఆరు బల్లల వాళ్లూ అవే ముక్కలతో తురుపు లేని మూడు నోట్రంప్స్ ఆడి, ఒక పట్టు అదనంగా తీసి 430 చేశారు. ఒక్కో జతను మించితే 2, సమానమైతే 1. ఎంత తేడాతో మించారన్నది లెక్కలోకి రాదు. పది పాయింట్ల తేడాకు పన్నెండుకు పన్నెండూ పోయాయి. ఇది న్యాయమేనా అని ఇప్పటికీ నాకు అనుమానమే.

పోయిన వారం మళ్లీ అదే ఘట్టం. ఒక ఇస్పేటు, నా తటపటాయింపు, రెండు ఇస్పేట్లు. అన్నయ్యగారు ముక్కలు మూసి పాస్ వేశారు. పది పట్లు వచ్చాయి. నాలుగు బల్లల మీద 420. ఒక జతది మాలాగే 170, ఇంకో జత గేమ్‌కు వెళ్లి ఒక పట్టు తగ్గి ఓడింది. మాకు 12కు 3.

ఆయన సమోసా ప్లేటు నా వైపు జరిపి, "ఈసారి తినండి" అన్నారు.